ఆ మూడో రాత్రి, ఆ తర్వాత ధ్యానం

"మాత్రలు ఇంకో వ్యసనం. కళ్లు మూసుకుని శ్వాస చూసుకో, తాగుడు దానంతటదే పోతుంది" అన్నారు మా బావగారు. ఏళ్ల తరబడి రోజూ తాగిన నా ఒంటికి ఆయన చెప్పిన వైద్యం అది. ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారిగా మాన్పించారు.

మొదటిరోజే చేతులు వణికాయి. మూడో రాత్రి గోడల నిండా పురుగులు. ఎప్పుడో పోయిన నాన్న గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాడు. మా ఆవిడ దగ్గరికొస్తే ఎవరో అనుకుని తోసేశాను. దెబ్బ తగిలినా ఆగకుండా పక్కింటి అబ్బాయిని లేపి, ఆటోలో నన్ను ఆసుపత్రికి చేర్చింది. బాగా అలవాటుపడినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు అని డాక్టరు చెప్పారట. నా పేరే నాకు తెలియని రాత్రి, శ్వాస ఎవరు చూస్తారు?

సెలైన్లు, థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లు, వణుకూ ఫిట్సూ రాకుండా ఇచ్చే లిబ్రియం మాత్రలతో ఆ వారం గడిచింది.

తర్వాత డీఅడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్ మేడమ్ ధ్యానం అనగానే ఒళ్లు మండింది. కానీ ఆవిడ నేర్పింది వేరు. తాగాలనిపిస్తే అణచుకోవద్దు, లొంగిపోవద్దు, అది ఒంట్లో ఎక్కడుందో చూడండి అన్నారు. నాకు గొంతు ఎండేది, దవడలు బిగుసుకునేవి. సాయంత్రం వైన్స్ దాటగానే బండి పక్కకి ఆపి, ఆ బిగువునే గమనిస్తూ ఊపిరి తీసుకునేవాణ్ణి. అలలా లేచేది, కాసేపటికి విరిగిపోయేది. అది విరుగుతుందని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు!

ఈ పద్ధతికి పునాది వేసింది అమెరికా సైకాలజిస్టు అలాన్ మార్లాట్. ఆయనతో పనిచేసిన సారా బోవెన్ బృందం 286 మందిపై చేసిన పరిశోధన 2014లో వచ్చింది. 8 వారాలు ఈ సాధన నేర్చుకున్నవాళ్లు, ఏడాది తర్వాత చూస్తే, మిగతావాళ్లకన్నా తక్కువ రోజులు మత్తు జోలికి వెళ్లారు. అయితే వాళ్లంతా ముందు చికిత్స పూర్తిచేసుకుని వచ్చినవాళ్లే.

మొన్న ఒక పెళ్లిలో బావగారు "ధ్యానంతోనే బాగుపడ్డాడు" అని నలుగురికీ చెబుతుంటే ఊరుకోలేకపోయాను. "నన్ను బతికించింది మా ఆవిడ, డాక్టర్లు. ధ్యానం ఆ తర్వాత" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. పోనివ్వండి. మీ ఇంట్లో రోజూ తాగే మనిషి ఉంటే సొంతంగా మాన్పించకండి. ముందు డాక్టరుకి చూపించండి, లేదా మత్తు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.