థాయ్ వంటింట్లో గోదారి చెయ్యి

అమలాపురం నుంచి వెళ్లినా భీమవరం నుంచి వెళ్లినా, థాయ్‌లాండ్ అత్తగారింట్లో ముందు తేడా కొట్టేది అన్నమే. పాత స్వర్ణ బియ్యానికి గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసే చెయ్యి అక్కడి హోమ్ మలి బియ్యానికీ అంతే పోస్తే జావ తప్పదు. గ్లాసుకి గ్లాసుంబావు చాలు.

ఖావ్ నియావ్, అంటే జిగురు బియ్యం, ఎసట్లో వెయ్యరు. ఆవిరి మీదే ఉడికిస్తారు. కనీసం 4 గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి, నీళ్లు బాగా ఓడ్చి, వెదురు బుట్టలో 20-25 నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఒకసారి ముద్దంతా తిరగెయ్యాలి, లేదంటే పైగింజ పలుగ్గానే ఉంటుంది. మన ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ పరిచి వండినా బాగానే వస్తుంది.

కూరల్లో ఉప్పు ఆఖర్న చూసి వెయ్యండి. నామ్ ప్లా, అదే చేపల సాసు, ఒట్టి ఉప్పునీళ్లంత ఉప్పన. శాకాహారులైతే ‘జే’ అని అడగాలి. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు.

కరెంటు 220 వోల్టులే, మిక్సీ ఆడుతుంది. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గే అక్కడి సాకెట్లో దూరదు. ఎర్త్ లేని చవక అడాప్టరుతో ఇస్త్రీపెట్టె వాడొద్దు.

కాగితాల్లో ముఖ్యమైంది టీఎం-30. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటివాళ్లే ఇమిగ్రేషన్‌కి తెలియజెయ్యాలి, అత్తగారిల్లయినా సరే.