ఏటిగట్టు వాలులో మామ్మ పూరీ

మన బడి గేటుకి ఎదురుగా, ఏటిగట్టు వాలులో ఉండే తాటాకు పాక మీలో ఎంతమందికి గుర్తుందో. ముందు రెండు బల్లలు, లోపల మట్టిపొయ్యి, దాని మీద ఒక చెవి విరిగిపోయిన ఇనప బూరెల మూకుడు. ఆ పాక పెట్టుకున్నావిడ పేరు మనమెవరం అడగలేదు. పిల్లలందరికీ మామ్మ, మాస్టార్లకి మామ్మగారు. మన టెన్త్ బ్యాచ్ గ్రూపు ఫోటో తీసిన రోజున ఆవిడ చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గర నిలబడి చూసింది. మనలో ఒక్కరమైనా రమ్మని పిలవాల్సింది, పిలవలేదు. మన బడి పాత విద్యార్థుల ఈ సంచికలో హెడ్మాస్టర్ల ఫోటోలూ ఫస్టు వచ్చినవాళ్ళ ఫోటోలూ వేస్తున్నారని తెలిసి, నాకిచ్చిన పేజీ ఆవిడకి ఇద్దామనుకున్నాను.

మాది లంక ఊరు, గోదావరి మధ్యలో దిబ్బ. పాలవాళ్ళ కోసం ఆరున్నరకి కదిలే మొదటి పడవ ఎక్కితేనే మేం బడికి అందుకునేవాళ్ళం. రెండోది పదింటికి గానీ లేదు. బడి గంట తొమ్మిదిన్నరకి. ఇంట్లో తిని వచ్చిన చద్దన్నం ఏడున్నరకల్లా అరిగిపోయేది. 1984లో నేను ఎనిమిదో తరగతిలో చేరిన కొత్తలో రేవు మెట్ల మీద ఊరికే కూర్చుంటుంటే మామ్మ కేకేసింది. "ఏం అమ్మడూ, అలా గోళ్ళు గిల్లుకుంటూ కూచునే బదులు ఇలా వచ్చి ఈ కర్ర పట్టుకో." అప్పడాల కర్ర చేతికిచ్చింది. ఆ రోజు నుంచి టెన్త్ పరీక్షల దాకా పొద్దున్నే పూరీలు ఒత్తడం నా పని. కూలి రెండు పూరీలు, గరిటెడు దుంపకూర. ఆవిడ ఏనాడూ మూడో పూరీ కూడా వెయ్యకుండా పంపలేదు.

ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు కానీ, డెల్టాలో ఆ రోజుల్లో గోధుమపిండి అంత చనువైన వస్తువు కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవ నీళ్ళు పారిన చెక్కల్లో ఎక్కువ భాగం వరిచేలే అయ్యాయి. మూడు పూటలా అన్నమే. జ్వరం వస్తే గోధుమరవ్వ జావ, ఇంట్లో ఎవరికైనా షుగరు జబ్బు వస్తే చపాతీ. పూరీ మాత్రం కొత్తల్లుడు వచ్చినప్పుడో, పట్నం చుట్టాలు దిగినప్పుడో చేసేవారు. బంగాళాదుంప కూడా మన నేల దుంప కాదు. మన కొబ్బరితోటల్లో కందా, పెండలం పండుతాయి. బంగాళాదుంపలు బయటి నుంచి గోనెసంచుల్లో వచ్చేవి. సంతలో వాటి ధర పెరిగిన వారాల్లో మామ్మ సగానికి సగం ఉడికించిన అరటికాయ కలిపేది. రావులపాలెం అరటి మార్కెట్ మనకి దగ్గరే కదా. తిన్నవాళ్ళలో చాలామందికి తేడా తెలిసేది కాదు. తెలిసిన తెలుగు మాస్టారు అదే బాగుందండీ అని రెండోసారి వేయించుకునేవారు.

మొదటి నెల నన్ను పిండి కలపనివ్వలేదు. ఒత్తడమే. రెండో నెలలో పక్కన కూర్చోబెట్టి చూడమంది. కిలో గోధుమపిండికి పిడికెడు బొంబాయిరవ్వ, చెంచా ఉప్పు, రంగు కోసం అరచెంచా పంచదార, రెండు గరిటెల వేడినూనె. అదంతా పొడిగా ఉండగానే రెండు అరచేతుల మధ్య బాగా నలిపి, అప్పుడు నీళ్ళు చిలకరించేది. ఎప్పుడూ చెంబుతో పోసేది కాదు. చపాతీ పిండి కన్నా బాగా గట్టిగా ఉండాలి. నొక్కితే వేలు అంత తేలిగ్గా దిగకూడదు. చేతులు నొప్పెట్టేదాకా మర్దించి, తడిగుడ్డ కప్పి పావుగంట వదిలేసేది. అంతకు మించి ఉంచితే పిండి జావకారి నూనె తాగుతుందనేది. నేను హైదరాబాద్ వచ్చి సంసారం పెట్టాక ఎన్నిసార్లు పూరీ చెడిపోయిందో అన్నిసార్లూ కారణం ఇదే. మెత్తగా ఉంటే ఒత్తడానికి సుఖంగా ఉంటుందని నీళ్ళు ఎక్కువ పోసేదాన్ని. పూరీకి ఆ సుఖం పనికిరాదు.

ఉండ పగుళ్ళు లేకుండా చెయ్యాలి. పగులు ఉంటే ఒత్తినప్పుడు అది గీత అవుతుంది, ఆ గీత దగ్గర ఆవిరి పోతుంది. పీట మీద పొడిపిండి చల్లనిచ్చేది కాదు. ఆ పిండి నూనెలో రాలి మాడి, పదో పూరీకల్లా నూనె నల్లబడుతుంది. కర్రకీ పీటకీ నూనె చుక్క రాయాలి, అంతే. అంచు పల్చనై నడుమ మందమైతే పొంగదు, మొత్తం పల్చనైతే అప్పడంలా కరకరలాడుతుంది. నేను ఒత్తినవాటిని దీపం ముందు పట్టినట్టు పైకెత్తి వెలుతురులో చూసేది. ఎక్కడైనా మచ్చలా పల్చన కనిపిస్తే మళ్ళీ ఉండ చేసెయ్యమనేది. ఒత్తినవి ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు, అలాగని గాలికి ఆరబెట్టకూడదు. అందుకే అరటాకు మీద పరిచి నాలుగు కాగానే నూనెలో వేసేది.

నూనె కాగిందో లేదో చూడడానికి గోరంత పిండి వేసేది. వెంటనే పైకి తేలాలి. పూరీని అంచు నుంచి జార్చి, పైకి తేలుతుండగా చిల్లుల గరిటెతో మెల్లగా అదిమేది. అదమడం అంటే నొక్కడం కాదని నాకు చాలాసార్లు చెప్పింది. "జోకొట్టు, జోకొట్టు, పసిపిల్లని జోకొట్టినట్టు." అది ఉబ్బి గుండ్రంగా తిరిగితే ఒక్కసారి తిప్పి, తీసి గరిటె మీదే నూనె ఓడ్చేది. వంటసోడా ఆవిడ పాకలో నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు చాలామంది వేస్తున్నారు, అవసరం లేదు. మైదా కలిపితే చూడ్డానికి తెల్లగా అందంగా వస్తుంది కానీ చల్లారగానే సాగుతుంది. ఒక్క గోధుమపిండితో చేసిందే నాకు పూరీ.

ఇక కూర. దుంపలు తొక్కతోనే ఉప్పు నీళ్ళలో ఉడికించి, వేడి మీదే తొక్క తీసి, చేత్తో చిదిమేది. కొంత ముద్దగా, కొంత ముక్కగా ఉండాలి. మూకుడులో ఆవాలు, శనగపప్పు, మినపప్పు, జీలకర్ర వేగాక పచ్చిమిర్చి చీలికలు, అల్లం తరుగు, కరివేపాకు, పొడుగ్గా కోసిన ఉల్లిపాయలు. ఉల్లిపాయ ఎర్రబడకూడదు, మెత్తబడితే చాలు. పసుపు, ఉప్పు, నీళ్ళు పోసి మరిగాక దుంపలు. చివర్లో రెండు చెంచాల శనగపిండి నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి పోసి, పచ్చివాసన పోయేదాకా తిప్పడం. కూర పొయ్యి మీద ఉన్నప్పుడు పల్చగా ఉండగానే దించాలి, దించాక అదే చిక్కబడుతుంది. నిమ్మరసం దించిన తర్వాతే. పొయ్యి మీద పిండితే చేదెక్కుతుంది.

తొమ్మిదిలో సైన్స్ మాస్టారు ఒకసారి బాదం ఆకులో పూరీ పెట్టుకుని క్లాసుకి వచ్చారు. "ఇది ఎందుకు పొంగిందర్రా?" అన్నారు. ఎవరమూ మాట్లాడలేదు. నీరు ఆవిరైతే 1600 రెట్లకు పైగా చోటు కావాలని, వేడినూనెలో పైనా కిందా పొరలు ముందే గట్టిపడితే ఆ ఆవిరి మధ్యలో చిక్కుకుని పొరల్ని విడదీస్తుందని బోర్డు మీద బొమ్మ వేశారు. గోధుమపిండిని నీళ్ళతో మర్దిస్తే సాగే జిగురు పుడుతుంది, బియ్యప్పిండికి ఆ గుణం లేదు కాబట్టే బియ్యప్పిండితో పూరీ ఇలా పొంగదని చెప్పారు. మర్నాడు పొద్దున్న నేనదంతా మామ్మకి చెప్పాను. "ఆయ్, అంతేనమ్మా. అందుకే గీత పడనివ్వద్దన్నాను" అంది. పొయ్యి వైపు నుంచి తల కూడా తిప్పలేదు.

1986 ఆగస్టు వరద మన బ్యాచ్‌లో ఎవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. ఆ ఏడు 24 అడుగులు దాటింది. 35 లక్షల క్యూసెక్కుల నీరు. మా లంకలో ఇళ్ళ చూరుల దాకా ఎర్రనీరు వచ్చింది. మేమంతా బడికి చేరాం. తొమ్మిదో తరగతి గదిలో మా ఇంటివాళ్ళం, మరో నాలుగు కుటుంబాలం పడుకున్నాం. పులిహోర పొట్లాలు వచ్చేవి. వాటితోనే బతికాం, ఆ మేలు చిన్నది కాదు. కానీ మూడో రోజుకి చంటిపిల్లలు పొట్లం చూస్తేనే మొహం తిప్పుకున్నారు.

నీరు తీసేసరికి మామ్మ పాక లేదు. గుంజలు కూడా లేవు. వరద పెరుగుతుందని తెలిసిన రాత్రే మేం నలుగురం పిల్లలం కలిసి ఆవిడ పిండి డబ్బా, దుంపల సంచి, పామాయిల్ డబ్బా ఆఫీసు గది అటక మీదకి చేర్చాం. మూకుడు ఆవిడే నెత్తిన పెట్టుకుని వచ్చింది. నీరు తీసిన మర్నాడు బడి వరండా చివర మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. ఎప్పుడూ వాడే కొబ్బరి డొక్కలు తడిసిపోయి ఉన్నాయి. పొగే గానీ మంట లేదు. మొదటి నాలుగు పూరీలు నూనె అడుగుకి పోయి, చాలాసేపటికి తేలి, అట్టల్లా వచ్చాయి. పట్టుకుంటే నూనె కారింది. పిండి పాడైపోయిందేమోనని నాకు ఏడుపొచ్చింది. "పిండిదేం తప్పులేదమ్మా. దానికి వేడి చాల్లేదు" అని మామ్మ మూకుడు దించేసింది. నలుగురు ఆకలితో చుట్టూ నిలబడినా ఆ నాలుగు పూరీలు ఎవరికీ పెట్టలేదు.

హెడ్మాస్టారు వచ్చి చూశారు. ఏమీ అనకుండా వెళ్ళి, సామాన్ల గదిలోంచి విరిగిన బెంచీ చెక్కలు రెండు తెప్పించారు. టేకు చెక్క ఒక్కసారిగా అంటుకుంది. ఐదో పూరీ మూకుడులో పడగానే బంతిలా లేచింది. వరండా అంతా పిల్లలు అరిచారు. ఆ పూట నేను, మరో ముగ్గురు ఆడపిల్లలం ఒత్తుతూనే ఉన్నాం. ఎన్నో లెక్కపెట్టలేదు. మా తమ్ముడు వేడి పూరీకి వేలితో చిల్లు పెట్టి, ఆవిరి మొహానికి పట్టించుకుని, ఆ తర్వాత తిన్నాడు. మూడు రోజుల తర్వాత మా అమ్మ నవ్వడం అప్పుడే చూశాను. కూర చివరికి పల్చబడిపోయింది, నీళ్ళు పోసి సర్దాల్సి వచ్చింది. ఆ రుచి నాకిప్పటికీ తెలుస్తుంది.

బడి వదిలాక నేను కాలేజీకి, తర్వాత ఉద్యోగానికి వెళ్ళిపోయాను. మామ్మ పోయిన సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది. పోయినేడు ఊరికి వెళ్ళినప్పుడు ఆవిడ మనవరాలి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. కాఫీ ఇచ్చి, నేనడక్కుండానే అటక మీంచి మూకుడు దించి చూపించింది. పండగలకి ఇప్పటికీ అందులోనే బూరెలు వండుతుందట.

సంక్రాంతికి అందరం కలుస్తున్నాం కదా. ముక్కనుమ పొద్దుటి టిఫిన్ నాకు వదిలెయ్యండి, క్యాటరింగ్‌కి చెప్పొద్దు. నూట ఇరవై మందిమి, మనిషికి నాలుగు చొప్పున 480 పూరీలు. కిలోకి నలభై వస్తాయి, పన్నెండు కిలోల పిండి. దుంపలు పన్నెండు కిలోలు, ఉల్లిపాయలు ఐదు కిలోలు, నిమ్మకాయలు పాతిక. డొక్కలు ఎండినవి ముందే చూసి పెట్టించండి. ఒత్తడానికి కనీసం ఎనిమిది మంది కావాలి, ఎవరి అప్పడాల కర్ర వాళ్ళు తెచ్చుకోండి. మూకుడు ఇస్తానని మామ్మ మనవరాలు మాటిచ్చింది, ఆవిడ కూడా వస్తానంది. ఈసారి గ్రూపు ఫోటోలో ముందు వరసలో కుర్చీ ఆవిడకి. మూకుడు దించేవాళ్ళు ఎడమ వైపు చూసుకోండి, అటు చెవి లేదు.