బేబెర్రీ కొవ్వొత్తి: నా అనుభవం

మొత్తానికి నిన్న రాత్రి కొవ్వొత్తి తయారైంది. వేళ్లకు జిడ్డు ఇంకా వదల్లేదు.

మేముండేది మసాచుసెట్స్‌లో. ఇక్కడి సముద్రతీరం కేప్ కాడ్‌లో ఇసుక దిబ్బల మీద బేబెర్రీ పొదలు పుష్కలం. ఆకు నలిపితే ఘాటైన సువాసన. కాయలు ఆడ మొక్కలకే కాస్తాయి. మిరియమంత కాయ, దాని మీద గరుకుగా బూడిద రంగు మైనం. పశువుల కొవ్వుతో చేసిన ఒత్తుల కంపు భరించలేక ఒకప్పుడు యూరప్ నుంచి ఇక్కడికి వలస వచ్చినవాళ్లు కొవ్వొత్తులకు ఈ మైనాన్ని పట్టుకున్నారు. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్‌లో 1687లోనే, సెప్టెంబర్ 15కి ముందు ఈ కాయలు కోస్తే 15 షిల్లింగుల జరిమానా వేసేవారు.

పద్ధతిగా ఉందామని కాయలు కోయడానికి అనుమతి కోసం ఊరి ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన నా ఇంగ్లీషు అర్థం కానట్టు బేబెర్రీ అన్న పేరు మళ్లీ మళ్లీ చెప్పించి, "ఆ కొవ్వొత్తులు షాపులో దొరుకుతాయిగా" అని అందరి ముందూ నవ్వాడు. షాపులో ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు పారాఫిన్‌కు (పెట్రోలియం నుంచి తీసే మైనం) ఆకుపచ్చ రంగూ సెంటూ కలిపినవే! అడిగినవాళ్లను చులకన చేయడానికా ఆ కుర్చీ? దిబ్బల పక్కన సొంత స్థలమున్న ఒక పెద్దావిడ మాత్రం అడగ్గానే "వచ్చి కోసుకో" అన్నారు. పిట్టలకు కొన్ని వదలమన్నారు, అంతే.

కోయడం తేలికే. మైనం తీయడమే చుక్కలు చూపించింది. పాత లెక్క ప్రకారం 15 పౌండ్ల కాయలకు ఒక పౌండు మైనం. కాయల్ని నీళ్లలో వేసి సన్నని సెగ మీద మరిగిస్తే మైనం కరిగి పైకి తేలుతుంది. దాంతోపాటు నల్లటి నలకలూ, పుల్లలూ తేలతాయి. వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టాలి. కాస్త చల్లారిందా, గుడ్డకే గడ్డకట్టేస్తుంది. గిన్నె అలాగే వదిలేస్తే తెల్లారేసరికి నీళ్ల మీద పాలమీగడలా ఆకుపచ్చ బిళ్ల కట్టింది. అడుగున మడ్డి. గీకి, మళ్లీ కరిగించి, మళ్లీ వడకట్టాక గానీ శుభ్రపడలేదు. ఉత్త బేబెర్రీ మైనం పెళుసు, కొంచెం తేనెమైనం కలపండి. నేరుగా మంట మీద మాత్రం కరిగించకండి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టండి.

క్రిస్మస్ ముందు రాత్రి ఈ ఒత్తి చివరిదాకా కాలితే ఇంట్లో లోటుండదని ఇక్కడి పాత నమ్మకం. నేను కార్తీక పౌర్ణమికి తులసి దగ్గర వెలిగిస్తాను. మిగిలిన మైనంతో చేసే ఇంకో ఒత్తి ఆ పెద్దావిడకే.