పాకిసీటస్ చీలమండ

మా ఇల్లు కావలిలో. పోయిన ఆదివారం మాంసం కొట్లో పొట్టేలు వెనక కాలు తీసుకుంటూ, చీలమండ దగ్గరి కీలును కొట్టకుండా విడిగా ఇమ్మని అడిగాను. "చితక్కొడితేనే సార్ పులుసులోకి సారం దిగేది" అన్నాడు కొట్టతను. పులుసుకు కాదు, చూడటానికని చెప్పి తెచ్చుకున్నాను.

ఉడికించి, నరాలూ కొవ్వూ గీకేశాక చేతికి వచ్చిన ఎముక బొటనవేలి కొస కంటే కాస్త పెద్దది. పైకొస మధ్యలో లోతైన గాడి, దానికి రెండు పక్కలా గుండ్రటి గట్లు. అచ్చం బావి గిలకే. తలకిందులు చేసి చూస్తే కింది కొస కూడా మరో గిలక. గుర్రానికీ కుక్కకూ పై గిలక ఒక్కటే ఉంటుంది. కింది వైపు గుర్రానికి దాదాపు చదునుగానూ, కుక్కకు గుండ్రంగానూ ఉంటుంది. రెండు కొసలా గిలకలు ఉండేది గొర్రె, మేక, పంది, జింక, నీటిగుర్రం, మన ఒంగోలు ఎద్దు చేరిన కుటుంబానికే. ఈ ఎముకను అరచేతిలో పెట్టుకుంటే, కాళ్లున్న తొలి తిమింగలం పాకిసీటస్ కథ నాకు పుస్తకంలోని సంగతిలా కాక, ఇంటి సంగతిలా అనిపిస్తుంది.

పాకిసీటస్ సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి పాకిస్థాన్ ప్రాంతంలో, ఇప్పుడు లేని టెథిస్ సముద్రం అంచున బతికిన తొలి తిమింగలాలలో ఒకటి. దాని పుర్రె ముక్కను గింగరిక్, రసెల్ అనే శాస్త్రవేత్తలు 1981లో వర్ణించారు. అది తిమింగలమని పట్టిచ్చింది చెవి: చెవి కింద గిన్నెలా ఉండే ఎముకకు లోపలి గోడ అసాధారణంగా మందంగా ఉండటం తిమింగలాలకూ డాల్ఫిన్లకూ ఉన్న గుర్తు. పుర్రె తప్ప ఒళ్లు దొరకకపోవడంతో అప్పట్లో చిత్రకారులు దానిని నీటిలో ఈదుతూ చేపలను తరిమే జంతువుగా గీశారు. 2001లో టెవిసెన్ అనే శాస్త్రవేత్త బృందం మిగిలిన ఎముకలను కూడా వెలుగులోకి తెచ్చాక ఆ బొమ్మ పూర్తిగా మారిపోయింది. తోడేలంత ఒళ్లు, నాలుగు సన్నటి పొడవాటి కాళ్లు, పొడవైన తోక, నడినెత్తికి దగ్గరగా చేరిన కళ్లు. నేల మీద చక్కగా నడవగల జంతువే అయినా, దాని కాళ్ల ఎముకలు నీటి అడుగున నిలబడటానికి వీలుగా దళసరిగా, బరువుగా ఉన్నాయి. కనుక అది లోతులేని నీళ్లలో నడిచేదని, కళ్లు మాత్రం పైకి పెట్టుకుని పొంచి ఉండేదని అనుకోవడం నాకు సబబుగానే తోస్తుంది.

అయితే అసలు తగవు తీరింది చీలమండతోనే. తిమింగలాలు మెసోనికిడ్లనే, గిట్టలున్న మాంసాహార జంతువుల నుంచి వచ్చాయని శిలాజ శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు. జన్యువులను పరిశీలించినవారేమో నీటిగుర్రమే వాటికి దగ్గరి చుట్టమని చెబుతూ వచ్చారు. ఇప్పటి తిమింగలానికి వెనక కాళ్లే లేవు కనుక, దాని చీలమండ ఎలాంటిదో చెప్పగలిగేవి శిలాజాలు మాత్రమే. 2001 సెప్టెంబరులో కొద్ది రోజుల తేడాతో రెండు బృందాలు, ఒకటి పాకిసీటస్‌దీ మరొకటి రోడోసీటస్ అనే మరో పాతకాలపు తిమింగలానిదీ, చీలమండ ఎముకలను ప్రకటించాయి. రెండింటికీ పైనా కిందా గిలకలున్నాయి. మెసోనికిడ్ల వాదం అక్కడితో బలహీనపడింది. నా మటుకు శిలాజ శాస్త్రంలో ఇంత చిన్న ఎముక ఇంత పెద్ద తగవు తీర్చడం అరుదు.

మిగిలిన ఒక సంగతి మన దేశానిది. ఎ. రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర ఎముకలున్న రాళ్లను ఎన్నో సేకరించి దాచారు. ఆయన పోయిన తర్వాత ఆయన భార్య ఆ రాళ్లను టెవిసెన్‌కు అప్పగించారు. వాటిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగి చెవి ఎముక బయటపడింది: లోపలి గోడ మందంగా, తిమింగలానిదిలాగే ఉంది. అది ఇండోహ్యూస్, పిల్లి కంటే కాస్త పెద్దదైన, చిన్న జింకలాంటి జంతువు. 2007లో దానిని తిమింగలాల దగ్గరి చుట్టంగా ప్రకటించారు. అది చేరిన కుటుంబానికి రంగారావు పేరు మీదుగా రావెల్లిడే అని పేరుంది. తాను దాచిన రాళ్లలో ఆ చెవి ఉన్నట్టు ఆయనకు తెలియకుండానే పోయింది.