తలకోనలో తప్పిపోయిన పెద్దాయన: వెతకడానికి వెళ్ళిన నా అనుభవం

మాది తిరుపతి. ఆదివారాలు శేషాచలం అడవుల్లో నడిచే అలవాటున్న స్నేహితులం ఏడుగురం. ఎవరైనా అడవిలో తప్పిపోతే సాయానికి మమ్మల్ని పిలుస్తుంటారు. మొదటిసారి పిలుపు వచ్చింది ఒక కార్తీక మాసంలో, తలకోన నుంచి.

తప్పిపోయింది డెబ్బై దాటిన రైతు. మతిమరుపు జబ్బు ఉంది. ఇంట్లోవాళ్ళు జలపాతం దగ్గరికి పోతే ఆయన సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడింటికి వచ్చి చూస్తే లేడు. ఒక రోజు గడవనిదే కంప్లైంట్ తీసుకోరని ఎవరో చెప్తే నమ్మి, సాయంత్రం ఆరు దాకా వాళ్ళే వెతుక్కున్నారు. ఆ మూడు గంటలు తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. అలాంటి రూలేమీ లేదు. మనిషి కనబడని నిమిషంలోనే 112కి ఫోన్ చేయొచ్చు, దగ్గర్లో ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

భాకరాపేట ఘాట్ దాటి మేం చేరేసరికి చీకటి పడింది. దిగీ దిగగానే టార్చిలు పట్టుకుని, ఆయన పేరు అరుస్తూ వాగు వైపు పరిగెత్తాం. అటవీ శాఖలో వాచర్‌గా పనిచేసే యానాది పెద్దాయన మమ్మల్ని ఆపేశాడు. "ఇసకలో ఆయన అడుగులుంటే మీరే తొక్కేస్తిరి గదా నాయనా!"

ఏనుగులు తిరిగే చోటు కాబట్టి రాత్రి లోపలికి పోవద్దని బీట్ ఆఫీసర్ గట్టిగా చెప్పారు. రోడ్డు పొడుగునా మాత్రం మనుషుల్ని నిలబెట్టారు. ఆ టెన్షన్‌లో ఏం చేయాలో తెలియక తప్పిపోయినాయన కూతురి పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగాను.

"కాళ్ళకి ఏముందక్కా?"

"రబ్బరు చెప్పులు. ఎడమదాని మడమ అరిగిపోయింది."

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా?"

"ఆ పేరు ఇప్పుడు గుర్తుండదబ్బా. వాళ్ళమ్మ పిలిచినట్టు చిన్నబ్బా అంటేనే తల తిప్పుతాడు."

మేం గంటసేపు అరిచింది ఆయనకి తెలియని పేరు! పొద్దు గూకితే ఏం చేస్తాడని అడిగాను. మడికి నీళ్ళు కట్టాలని కాలవ కోసం వెతుకుతాడంది.

తెల్లారగానే వాగు దిగువకి నడిచాం. ఇద్దరి మధ్య పది అడుగులు, ఒకరికొకరు కనబడేట్టు. కాసేపటికోసారి విజిల్, తర్వాత అందరూ నిలబడి నిమిషం సేపు చెవులు రిక్కించి వినడం. చూసిన చోటల్లా చెట్టుకి గుడ్డపీలిక. మడమ అరిగిన చెప్పు అచ్చు కనిపెట్టింది వాచర్ పెద్దాయనే. అక్కణ్ణించి కొద్ది దూరంలో, ముళ్ళపొదలో ఇరుక్కుని కూర్చుని ఉన్నాడు తప్పిపోయినాయన. మా విజిల్‌కి పలకలేదు. ఈ జబ్బున్నవాళ్ళు చాలాసార్లు పలకరనీ, అడ్డు తగిలిన చోటే ఆగిపోతారనీ తర్వాత తెలిసింది. అందుకే ఇప్పుడు ప్రతి పొదా వంగి చూస్తాం.

"చిన్నబ్బా" అన్నాను. తల తిప్పాడు.

"నీళ్ళు కట్టినారా నాయనా?"

"కట్టినాం పెద్దాయనా."

దుప్పటి కప్పి, గుక్క గుక్కగా నీళ్ళు తాగించాం. డోలీ కట్టి రోడ్డు దాకా మోసి 108 ఎక్కించాం. ఆయన చొక్కాలన్నిటికీ కాలర్ లోపల తన ఫోన్ నంబరు కుట్టించానని నెల తర్వాత కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్ళున్నారని ఎవరన్నా నేను ముందు చెప్పేది ఆ కాలర్ సంగతే.