సాయంత్రానికి బిగిసే పొట్ట

పొద్దున వదులుగా కట్టిన లంగా బొందు సాయంత్రం నాలుగింటికల్లా నడుం కోస్తుంది. మూడేళ్లుగా ఇంతే. ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. "ఏం లేదమ్మా, గ్యాసే" అన్నారో డాక్టరుగారు. ఏమీ లేకపోతే రాత్రి రెండింటికి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఎందుకు పడుకుంటున్నాను? ఆరోజు ఆటోలో ఏడ్చేశాను.

ఇంకో డాక్టరమ్మ ఓపిగ్గా విన్నారు. ఐబీఎస్ కావచ్చన్నారు, అంటే పేగుల పనితీరు తేడాపడి నొప్పి, ఉబ్బరం తెచ్చే సమస్య. అది స్కానింగ్‌లో కనపడదట. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్ల ఫాడ్‌మ్యాప్ పద్ధతి చెప్పారు: సరిగా అరగని కొన్ని రకాల పిండిపదార్థాలు కొన్ని వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే మళ్లీ తిని చూడటం. ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలు చిన్నపేగులో అరగవు, పెద్దపేగులో పులిసి గాలి పుట్టిస్తాయి. అవీ, పప్పులూ నాలుగు వారాలు మానేశాను. అత్తయ్య నాకోసం విడిగా ఇంగువ పోపు పెట్టారు, ఒక్కపూట కూడా విసుక్కోలేదు. నొప్పి సగానికి తగ్గింది. కందిపప్పు మళ్లీ తిన్నరోజే పొట్ట రాయిలా అయింది.

సోమవారం పెసరపప్పు, రెండు చెంచాలతో మొదలు.