హన్నా ముఖం ఎప్పుడు మారింది

హనుమకొండలోని మా సంఘంలో స్త్రీల కూడికకు వాక్యం చెప్పమని, అందులోనూ గొడ్రాళ్లనిపించుకున్న స్త్రీలకు దేవుడిచ్చిన సంతానం గురించే చెప్పమని పాస్టరమ్మ అడిగినప్పుడు, పెళ్లయి పదకొండేళ్లయినా పిల్లలు లేని నాకు గొంతు పెగలలేదు. రెండు రోజుల తరువాత ఒప్పుకున్నాను.

సిద్ధపడడానికి నెల రోజులు పట్టింది. బైబిల్లోని శారా, రిబ్కా, రాహేలు, మానోహ భార్య, హన్నా, షూనేమీయురాలు (షూనేము ఊరి స్త్రీ), ఎలీసబెతు, ఈ ఏడుగురి కథలనూ వరుసగా చదివాను. రిబ్కా భర్త ఇస్సాకుకు 40 ఏళ్లప్పుడు పెళ్లయింది, కవలలు పుట్టేసరికి అతనికి 60 ఏళ్లు. రిబ్కా పడిన ఇరవై ఏళ్ల ఎదురుచూపు చదివేవారి కంటికి ఆనకుండానే దాటిపోతుంది. శారాకు 90 ఏళ్లప్పుడు ఇస్సాకు పుట్టాడు. మనుషుల వల్ల కాదని తేలిపోయాకే ఆ బిడ్డ వచ్చాడు కనుక, వాగ్దానం ఎవరిదో అక్కడ స్పష్టమైంది. మానోహ భార్యకు పుట్టిన సమ్సోను, హన్నాకు పుట్టిన సమూయేలు, ఎలీసబెతుకు పుట్టిన బాప్తిస్మమిచ్చు యోహాను కూడా ఒక పనికై పంపబడినవారే. షూనేమీయురాలి కొడుక్కి మాత్రం గ్రంథంలో పేరైనా లేదు. అతిథికి గది కట్టించిన ఆ తల్లి అడగకుండానే అతడు పుట్టాడు. ఆ కథంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ.

నన్ను ఆపేసిన చోటు వేరే ఉంది. హన్నాకు సంతానం లేకుండా చేసింది యెహోవాయేనని మొదటి సమూయేలు గ్రంథం చెబుతుంది. ఇంట్లో దాగిన పాపమేదో ఉందని ఒకప్పుడు ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దమనిషి నాతో అన్న మాటను నాలుగేళ్లు మోశాను, ఈ వాక్యం చదవగానే అదే మళ్లీ గుర్తుకొచ్చింది. అయితే లూకా మొదటి అధ్యాయంలో జెకర్యా, ఎలీసబెతు దంపతులిద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని ఆరవ వచనంలో చెప్పి, వారికి పిల్లలు లేరని ఏడవ వచనంలో చెప్పారు. ఆ రెండు వచనాల కింద గీత గీసుకొని చాలాసేపు ఏడ్చాను.

మా వీధిలో పిల్లల కోసం వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంటారు, మా సంఘంలో ఉపవాస ప్రార్థనలు చేస్తారు. ఏ ఇంట్లోనైనా ఆ బాధ ఒక్కటే. పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కానా అని హన్నా భర్త ఎల్కానా ఆమెను అడిగాడు. కాజీపేట లోకోషెడ్డులో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన కూడా ఒకసారి దాదాపు అదే అడిగారు, నేను జవాబు చెప్పలేదు. హన్నా కూడా భర్తకు బదులు చెప్పినట్లు గ్రంథంలో లేదు. మందిరంలో లోలోపల ప్రార్థిస్తూ పెదవులే కదులుతున్న ఆమెను చూసి యాజకుడైన ఏలీ తాగి ఉందనుకున్నాడు. తన మనోదుఃఖం ఆమె చెప్పుకున్నాక, సమాధానంతో వెళ్లమన్నాడు. ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖంలో దుఃఖం లేకపోయింది. ఇది పద్దెనిమిదో వచనం. ఆమె గర్భం ధరించినది ఇరవయ్యో వచనంలో.

కూడికలో ఈ సంగతి మీదే ఎక్కువసేపు నిలిచాను. సౌలు రాజు కూతురు మీకాలు చనిపోయే వరకు పిల్లలను కనలేదన్నది కూడా దాచకుండా చెప్పాను. ముగించాక, పెళ్లయి మూడేళ్లయిన ఒక చెల్లె దగ్గరకు వచ్చి, "అక్కా, ఆ పద్దెనిమిదో వచనం ఇంకోసారి చదువవా?" అని అడిగింది. ఇద్దరం కూర్చొని చదువుకున్నాం.